అలీ భాయ్ బండికి పంపు

ఏందీ, పంపా? నారాయణపేట సంది గంత దూరం బస్సెక్కి వచ్చింది గీ పంపు సంగతి అడగనీకా మక్సూద్? కూసో బిడ్డా, గా స్టూలు మీద కాదు, దాని కాలు ఇరిగింది, గీ కుర్చీల కూసో. ఫోన్ల ఏం చూపిస్తున్నవు, నాకు కండ్లు సక్కగ ఆనయి. ఆ... ఆ... మీ తాత బండే! ఇంకా గా రేకుల షెడ్డులనే ఉన్నదా? దుకాణం బంద్ చేసినంక నేను గా దిక్కు పోలే. లేపుతున్నవా? మంచి పని. శానా మంచి పని. మూడు రకాల పంపులు చూపెట్టిండ్రు, ఏది తీస్కోవాలె తాతా అంటవు. నేను మోటర్లకు వైరు చుట్టేటోన్ని గాని కార్ల మెకానిక్‌ను కాదు. అయినా గా బండి పంపు సంగతి నాకు తెలిసినంత ఇంకెవ్వరికి తెల్వదు, గది మాత్రం నిజం. మీ తాత అహ్మద్ అలీ షెడ్డు, నా వైండింగు దుకాణం, పానగల్లు రోడ్డు మీద పక్కపక్కనే, నడుమ ఒక్క గోడ. గా గోడకు ఒక కంత ఉండె. బోల్టులు ఇప్పే పానాలు, బీడీలు, చాయ్ గ్లాసులు అన్నీ గా కంతలకెళ్ళే అటు ఇటు. "స్వామీ, పద్నాలుగు నంబరు ఉన్నదా?" అని చెయ్యి వచ్చేది. మనిషి కానరాడు, చెయ్యి ఒక్కటే కానొచ్చేది. ఏండ్లకేండ్లు నేను గా చెయ్యితోనే దోస్తానా చేసిన అనుకో.

బండి ఎట్ల వచ్చిందో మీ అమ్మ చెప్పిందా? చెప్పి ఉండదు. షరీఫా గా బండి ఊసే ఎత్తదు, నాకెరుకే. గా సంగతికే వస్తున్న, జర ఓపిక పట్టు. మోత్కూరు దిక్కు ఒక దొర గడీల ఉండె గా బండి. దొర సచ్చిపోయిండు, కొడుకులు పట్నం పట్టిండ్రు, బండిని తీస్కపోయి గొడ్ల కొట్టంల తోసిండ్రు. మీ తాత ఆడికి బాయి ఇంజను బాగు చెయ్యనీకి పోతే దొరసాని అన్నదట, "అలీ, దాన్ని తీస్కపోతె తీస్కపోరా, కోళ్ళు సీట్ల మీద గుడ్లు పెడుతున్నయి, నాకు ఏరుడు అయితలేదు" అని. గంతే. రెండు జతల ఎడ్లను కట్టి నల్లగొండ దాక గుంజుకచ్చిండు. రెండు దినాలు పట్టింది. తొవ్వపొంటి ఊర్లల్ల జనం బయటికొచ్చి నవ్వుడే నవ్వుడు. నేను కూడ నవ్విన, అబద్ధమెందుకు. అమెరికా బండి, ఎనిమిది సిలిండర్లు, ఎర్ర రంగు. ముందట వెండి అక్షరాలతోని ఇంగ్లీషుల పేరుండె, సగం ఊడిపోయి ఏం పేరో ఎవ్వరికి తెల్వకపాయె. మేము పడవకారు అనేది. "అమెరికాల పోరగాండ్లు గీ బండ్లతోని పందాలు పెట్టుకుంటరు స్వామీ, నీకేమెరుక" అనేటోడు మీ తాత. మూడేండ్లు ఒక్కొక్క బోల్టు ఇప్పి కిర్సనాయిల్ల కడిగి, మల్ల బిగించి, ఎనబై ఆరుల చాలు చేసిండు. గుడ గుడ గుడ గుడ... నా దుకాణం గోడకున్న పటాలు ఊగినయి. నేను లేచి బయటికురికిన.

గాని దానికి ఒక రోగం ఉండె. చలికాలం మంచిగ నడుస్తది. ఎండలు ముదిరితె సగం తొవ్వల టుప్పుమని ఆగిపోతది. సల్లబడే దాక కదలదు. మొదటి బరాత్ కిరాయి గట్లనే బర్బాదయింది. పెండ్లికొడుకు లోపట మొఖానికి పూల సెహ్రా కట్టుకొని కూసున్నడు, ముందట బ్యాండు, గడియారం చౌరస్తా నడిమిట్ల ఆగిపాయె. బ్యాండోళ్ళు బాజాలు పక్కకు పెట్టి నూకిండ్రు. గంత బరువు బండి, పదకొండు మంది నూకాలె. పెండ్లికొడుకు తాత దిగి నడుచుకుంట పోయిండు, కోపానికి. గా దినం సంది నల్లగొండల మీ తాత పేరు నూకుడు అలీ. నవ్వకు. నవ్వుడు సులువే. గా మనిషి నమాజుకు పోతె ఎనకకెళ్ళి పోరగాండ్లు "నూకు, నూకు" అని ఒర్రేది. షరీఫా ట్యూషన్‌కు పోతె "అగో నూకుడు అలీ బిడ్డ" అనేటోళ్ళు. పొల్ల ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్సేది. తల్లి లేని పొల్ల. మీ అమ్మమ్మ లాడ్లీ భాభీ అంతకు ముందేడాదే పోయింది గదా. కల్వకుర్తిల తల్లిగారింటికి పోయి, కామెర్లయి, ఆడనే కండ్లు మూసింది, ఆడనే మట్టి చేసిండ్రు. షరీఫాకు గోరి ఎట్లుంటదో గూడ తెల్వదు. ఆడోళ్ళు గోరీల దాక పోరు గదా మీల.

ఎనబై ఎనిమిదిల షరీఫాకు నారాయణపేట సంబంధం కుదిరింది, మీ నాయిన మెహమూద్, చీరల దుకాణం. లగ్గం మే నెల. మే నెల అంటె నల్లగొండల బండలు పగిలే ఎండ. మీ తాత కంతలకెళ్ళి చెయ్యి కాదు, మొఖమే పెట్టిండు గా దినం. "స్వామీ, నా బిడ్డ నా బండ్లనే పోతది అత్తగారింటికి. ఒక్క తాన ఆగదు. ఒక్కలు నూకరు" అన్నడు. నేనన్న, "భాయ్, అంబాసిడర్ కిరాయికి మాట్లాడుదాం, నెత్తి నొప్పి ఉండది." "నక్కో" అన్నడు. మీ తాత నక్కో అన్నడంటె ఇగ అయిపోయినట్టే, ఎవ్వడొచ్చినా మారడు. "నూకుడు అలీ బిడ్డ అన్న నోర్లన్ని చూస్తుండంగ పోవాలె అది" అన్నడు.

రోగం యాడున్నదో ఆయనకెరుకే. పంపుల ఉన్నది. ట్యాంకు ఎనక డిక్కీ కింద ఉంటది, ఇంజను ముందట. నడుమ పది పన్నెండు ఫీట్ల పైపు. ముందట ఇంజను పక్కకు ఒక పంపు ఉంటది, ఇంజను తిరుగుతాంటె దాని చెయ్యి కొట్టుకొని ఎనకకెళ్ళి పెట్రోలు గుంజుతది. దాన్ని మెకానిక్‌లు ఏసీ పంపు అంటరు. ఎందుకంటరో నాకు తెల్వదు, అందరు గట్లనే అంటరు. ఇగ గీ ఏసీ పంపుతోని ఒక తమాష అయింది. మీ తాత చాయ్ హోటల్ల కూసోని "బిడ్డ లగ్గానికి ఏసీ పంపు కొత్తది పెడుతున్న" అన్నడు. పక్కకున్నోడు ఏసీ దాక ఇన్నడు, పంపు ఇనలే. సాయంత్రానికి గల్లంత ఒక్కటే ముచ్చట, అలీ భాయ్ కార్ల ఏసీ పెడుతున్నడట! మీ తాత చెల్లె గులాబ్‌బీ ఇంకో మాట కలిపి నారాయణపేటకు జాబు రాసింది, మా పిల్ల ఏసీ కార్ల వస్తది అని. మీ తాతకు తెలిసేవరకు జాబు పోయింది, ఆడ పదిమందికి చదివి వినిపిచ్చిండ్రు గూడ. "ఏం చేద్దాం స్వామీ?" అంటడు. నవ్వు ఆపుకోనీకే నా వల్ల కాలే.

పంపుల వేట చాలయింది. మొదలు జీపు పంపు తెచ్చి బిగించిండు. జీపుకు నాలుగే సిలిండర్లు, దీనికి ఎనిమిది. మట్టసం రోడ్డు మీద పోతది, ఎత్తు వస్తె పెట్రోలు సాలక దగ్గుతది. పీకిండు. పాత పంపునే ఇప్పి లోపటి రబ్బరు పొరను లారీ ట్యూబుతోని కోసి పెట్టిండు. పెట్రోల్ల నానేవరకు గది అప్పడం లెక్క ఉబ్బింది. పీకిండు. పంపు మీద తడి గోనెపట్ట కప్పి, పక్కకు బిందె పెట్టుకొని నీళ్ళు చల్లుకుంట పోదామన్నడు. డ్రైవర్లందరు ఎండకాలం గదే చేస్తరు. నేనన్న, "పెండ్లిపిల్ల పక్కకు బిందె పెడుతవా భాయ్?" ఇగ కరెంటు పంపు పెట్టాలె, బ్యాటరీతోని నడిచేది, అన్నడు. ఇద్దరం హైదరాబాదు పోయినం, పాత సామాన్ల గల్లీకి. నేను ముందట పోయి "కార్లకు పెట్రోలు పంపు కావాలె" అంటె ఒకడు చెయ్యి చాపి రోడ్డు మీద పెట్రోలు పోసే తాన చూపెట్టిండు. మీ తాత నన్ను ఎనకకు గుంజి, తనే మాట్లాడిండు. దుకాణపాయన రెండు పంపులు ముందటేసిండు. ఒకటి పెద్దది, బరువుగ, మెరుస్తాంది. ఇంకోటి మసక బారినట్టు చిన్నది, బ్యాటరీ పెడితె టిక్కు టిక్కు టిక్కు అంటది, గంతే. "పెద్ద బండికి పెద్దదే తీస్కోవాలె సాబ్" అన్నడు గాయన. మాకు గూడ గదే న్యాయమనిపిచ్చింది. పెద్దది తెచ్చినం.

గా పెద్దది తప్పు బిడ్డా. ఇప్పుడు నీకు చూపెట్టిన మూడిట్ల గూడ గట్లాంటిది ఒకటుంటది చూడు, దాన్ని ముట్టకు. పెట్రోలు ఎక్కువ పంపితె మంచిదే గదా అనుకుంటం. గాని కార్బరేటర్ల ఒక చిన్న సూది ఉంటది, పెట్రోలు నిండంగనే మూతేస్తది. పెద్ద పంపు జోరుకు గా సూది నిలవదు. మీ తాత బిగించి స్విచ్చేసిండు, పెట్రోలు పొంగి ఇంజను మీద పారింది. భగ్గున అంటుకున్నది. నేను కంతలకెళ్ళే చూసిన మంట. గోనెపట్ట, ఇసుక, దొరికింది దొరికినట్టు ఏసి ఆర్పినం. మీ తాత కనుబొమ్మలు పురాగ కాలిపోయినయి. లగ్గం ఇంక తొమ్మిది దినాలు. షరీఫా ఉరికొచ్చి నాయినను చూసి "అబ్బా, నేను ఎర్రబస్సుల పోత, నాకు గీ బండి వద్దు" అని ఏడ్సింది. మీ తాత కనుబొమ్మలు లేని మొఖంతోని నవ్వి, "బస్సు టికెట్టు నేనే కొనిస్త బేటీ, గాని బండి చాలు కాకపోతెనే" అన్నడు. తెల్లారి పొద్దుగాల బస్సుకే మల్ల హైదరాబాదు పోయి, పెద్దది ఇచ్చేసి చిన్నది తెచ్చిండు.

చిన్నది సరిపోయింది. సూది నిలిచింది, పొంగుడు లేదు. పాత పంపు యాడుంటదో గాడనే, ఇంజను పక్కకు, పట్టీ ఏసి బిగించిండు. పొద్దుగాల తిప్పినం, బంగారం. మిట్టమధ్యాహ్నం తిప్పినం, పానగల్లు దాటంగనే టుప్పు! మల్ల గదే రోగం. లగ్గం ఇంక మూడు దినాలు. మీ తాత బండి ముందట నేల మీద కూలబడ్డడు. గంత పెద్ద మనిషి, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నడు. గప్పుడే మా బిక్షమ్మ సద్ది పట్టుకొని వచ్చింది. మా ఆమె, నీకు యాదికున్నదో లేదో, నీ చిన్నప్పుడు పోయింది. మాకు పానగల్లు దిక్కు జర భూమి ఉండె, బాయి ఉండె. ఆమెనే చూసుకునేది. "ఏమైంది, గట్ల కూసున్నరు?" అన్నది. చెప్పిన. ట్యాంకు యాడున్నది అన్నది. చూపెట్టిన. పంపు యాడున్నది అన్నది. చూపెట్టిన. మా ఆమె నా మొఖం దిక్కు చూసి, "గదేందయ్యా, మన బాయిల నీళ్ళు కిందికి పోతె మోటరు కిందికి దించితిమి గదా. ఒడ్డు మీద పెట్టి రమ్మంటె వచ్చినయా నీళ్ళు? గీ పంపును గంత దూరాన ఎందుకు కూసోబెట్టిండ్రు మరి?" అన్నది. సద్ది గిన్నె నా చేతుల పెట్టి ఎల్లిపోయింది.

మేమిద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం. నాకు సిగ్గయింది బిడ్డా. ఇప్పటికీ సిగ్గే. గా మూడు నాలుగేండ్లు కరువు, నల్లగొండ జిల్ల మొత్తం బాయిలల్ల నీళ్ళు దిగిపోతాంటె, రైతులందరు మోటర్లను మెట్టు మెట్టు కిందికి దించుతాంటె, గా మోటర్లు దించేది ఎవడు? నేనే! మోటరుకు గుంజుడు చేతగాదు, నూకుడు చేతనైతది, నీళ్ళ దగ్గర పెట్టుండ్రి అని ఊరూరు తిరిగి చెప్పినోన్ని నేనే! గది నీళ్ళకు చెప్పిన, పెట్రోలుకు చెప్పలే. ముందట కూసోని గుంజితె పైపుల పెట్రోలు ఎండకు ఆవిరైతది, ఆవిరిని గుంజలేక పంపు ఒట్టిగ కొట్టుకుంటది. అదే ఎనక ట్యాంకు పక్కకు, ట్యాంకు కన్న జర కిందికి పెట్టి నూకితె ఆవిరికి జాగ దొరకది. మీ తాత లేచి నిలబడి, "నూకుడు అలీ అని ఊకె అన్నరా నన్ను? నూకుడే మంచిది!" అన్నడు. గట్ల నవ్వుడు నేను మల్ల సూడలే ఆయన తాన. రెండు దినాలు బండి కిందనే పండుకొని పంపును ఎనకకు మార్చిండు. కొత్త పైపు ఇంజనుకు దూరంగ తిప్పి తెచ్చిండు, స్విచ్చు కాళ్ళ దగ్గర పెట్టిండు. లగ్గం పొద్దు, జనం లేవకముందే, పానగల్లు దాక పోయి మర్లి వచ్చినం. మంచిగున్నది. గాని సల్లటి పూట అది. ఎండల నడిపి, బంద్ చేసి, మల్ల చాలు చేసి చూసే తీరిక దొరకలే. గది గుర్తు పెట్టుకో.

నిఖా అయింది. మగపెండ్లోళ్ళు బస్సుల ముందు పోయిండ్రు. కార్ల ఎనక మీ నాయిన, మీ అమ్మ, గులాబ్‌బీ. పెండ్లిపిల్ల తండ్రే డ్రైవరా, గిదేం రివాజు అని ముసలోళ్ళు గునిసిండ్రు. గా బండిని ఇంకెవడు నడుపుతడు? దాని స్టీరింగు ఎడమ దిక్కు. ముందట లారీ ఉంటె దాటనీకి డ్రైవరుకు ఎదురు రోడ్డు కానరాదు. కుడి దిక్కు కూసున్నోడు చూసి చెప్పాలె. గా కుడి దిక్కు నేను. నా పని రెండే మాటలు. ఎదురుంగ ఏం రాకపోతె "పో" అనాలె. వస్తె "ఆగు" అనాలె. మీ తాత నా మాట మీద గుడ్డిగ నడిపేటోడు, నేను పో అంటె కాలు తొక్కుడే, మల్ల చూసేది లేదు. చౌరస్తాల గుడ గుడ గుడ అనుకుంట పోతాంటె దుకాణాలల్లకెళ్ళి జనం బయటికొచ్చి నిలబడ్డరు. ఒక్కడు "నూకు" అనలే. మీ తాత మెడ నిటారుగ పెట్టుకొని ముందటికే చూసిండు. దేవరకొండ తొవ్వ పట్టంగనే మీ నాయిన అద్దాలు అన్నీ ఎక్కిచ్చిండు. చెమటలు కారుతున్నయి, పెండ్లిబట్టలు తడుస్తున్నయి, పాపం, కొత్త అల్లుడు. ఆఖరికి గులాబ్‌బీ చెవుల అడిగిండట, "ఫుప్పూ, ఏసీ ఎప్పుడు వేస్తరు?" అని. గులాబ్‌బీ ముక్కు మీద కొంగు పెట్టుకున్నది. మీ అమ్మ నవ్వింది. ముసుగు కింద పకపక నవ్వింది. ఏడ్సుకుంట కారెక్కిన పిల్ల గట్ల నవ్వేవరకు మాకందరికి పానం లేచొచ్చింది.

కల్వకుర్తి వచ్చేవరకు మిట్టమధ్యాహ్నం దాటింది. రోడ్డు మీద డాంబరు కరుగుతాంది. బండి ఒక్క తాన ఆగలే, ఒక్కసారి దగ్గలే. ఊరు దాటినంక రోడ్డు పక్కకే ఖబరస్తాన్ గోడ వస్తది, లోపట నాలుగు ఏపచెట్లు, లాడ్లీ భాభీ గోరి ఆడనే. మీ అమ్మకు తెలుసు గది రోడ్డు మీదనే ఉన్నదని, ఎవరో చెప్పిండ్రు. ఎనకకెళ్ళి చెయ్యి చాపి తండ్రి భుజం మీద పెట్టింది. "అబ్బా, జర ఆపు. నేను దిగ గూడ దిగ. కార్లనే కూసోని అమ్మీకి ఫాతెహా చదువుకుంట. ఒక్క నిమిషం" అన్నది. మీ తాత కాలు తీసిండు. బండి మెల్లగయింది. గోడ దగ్గరికొస్తాంది. బిడ్డా, నీకు గా ఇంజను సంగతి తెలిసుండాలె. ఎండల పరుగెత్తుతున్నంత సేపు గాలి తగులుతది. ఆపితె గాలి బంద్, ఇంజను ఉడుకుతది, బంద్ చెయ్యకున్నా దానంతటదే ఆగిపోతది. గప్పటి దాక రెండేండ్ల సంది మేము చూసింది గదే. మీ తాత నా దిక్కు చూసిండు. "స్వామీ, ఏమంటవు?" అన్నడు, ఇంజను మోతల ఎనకోళ్ళకు ఇనరాకుంట. నాకు కండ్లల్ల ఏం కానొచ్చింది చెప్పాల్నా? గా ఎండల, ఊరు బయట, కొత్త పెండ్లికొడుకు షేర్వానీ ఇప్పి బండి నూకుతున్నడు. నారాయణపేట దాక గా మాట పోతాంది. షరీఫా బతికినన్ని దినాలు ఆడ గూడ నూకుడు అలీ బిడ్డే. గది కానొచ్చింది నాకు. ఎదురుంగ రోడ్డు ఖాళీగున్నది. నేను గట్లనే మెల్లగ "పో" అన్న.

మీ తాత కాలు తొక్కిండు. గోడ ఎనకకు పోయింది. మీ అమ్మ భుజం మీదికెళ్ళి చెయ్యి తీసేసుకున్నది. గులాబ్‌బీ ఒక్కతే పెదవులు కదిలిచ్చుకుంట ఫాతెహా చదివింది.

నారాయణపేటల మీ ఇంటి ముందట ఆపి, మీ తాత బంద్ చేసిండు. అందరు దిగి లోపటికి పోయిండ్రు. పావుగంట సేపు ఎండల నిలబడ్డది బండి, బానెట్టు మీద చెయ్యి పెడితె కాలుతాంది. మీ ఇంటోళ్ళు ఎవరో వచ్చి "సాబ్, బస్సు మలపాలె, బండి జర పక్కకు పెట్టుండ్రి" అన్నరు. మీ తాత నా దిక్కు చూసిండు. ఇగ నూకాలెనేమో అని నేను అంగి చేతులు మడుచుకుంట దిగబోతున్న. తాళం తిప్పిండు. ఒక్క తిప్పుకు, గుడ గుడ గుడ గుడ... బంద్ చేసిండు. మల్ల తిప్పిండు. అందుకున్నది. మల్ల బంద్, మల్ల చాలు. నాలుగుసార్లు చేసిండు. నాలుగుసార్లు అందుకున్నది. గా పంపు అంత సరిగ పడ్డది బిడ్డా. గంట ఆపినా లేచేది. ఒక్క నిమిషం అడిగింది మీ అమ్మ.

తిరిగొచ్చేటప్పుడు కల్వకుర్తిల ఆపిండు. నేను బండి దగ్గరనే ఉన్న, దిగలే, నా మొఖం చెల్లలే. ఏపచెట్ల కింద శానా సేపు కూసున్నడు. వచ్చినంక నేనన్న, "భాయ్, తప్పు నాది. షరీఫాకు నేను చెప్త, పో అన్నది నేనని." మీ తాత ఏమన్నడు తెలుసా? "స్టీరింగు నా చేతుల ఉండె గదా స్వామీ" అన్నడు. గంతే. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఆ తర్వాత మీ అమ్మ నల్లగొండ వస్తె ఈయన బండి తుడిచి, బస్‌స్టాండుల పెట్టుకొని నిలబడేటోడు. మీ అమ్మ సలాం చెప్పి, మంచిగున్నవా అబ్బా అని అడిగి, రిక్షా ఎక్కేది. తొమ్మిదేండ్లు, ఒక్కసారి గూడ గా బండి ఎక్కలే. ఈయన రిక్షా ఎనక మెల్లగ బండి నడుపుకుంట ఇంటి దాక వచ్చేటోడు. తొంబై ఏడుల పోయిండు. నేను గా ఒట్టు పట్టుకొని కూసున్న. ఒట్టు కాదు, భయం. నీకు నిజం చెప్పాలె గదా. చెప్దామని మూడుసార్లు నారాయణపేట బస్సెక్కిన. ఒకసారి దేవరకొండల దిగిన. రెండోసారి మీ గల్లీ మొగదాక వచ్చి మర్లిన. మూడోసారి యాడ దిగిన్నో యాదికి లేదు.

ఇయ్యాల నువ్వు పంపు అడుగుతాంటె ఇగ ఊకుంటె ఎట్ల? డెబ్బై ఎనిమిది దాటినయి నాకు. నువ్వు పోయి చెప్పుడు కాదు, నేనే చెప్త. ఫోను కలుపు. ఇప్పుడే కలుపు బిడ్డా, సాయంత్రం అయితె నాకు మల్ల ధైర్యం ఉండది. కలిపినవా? తే, గిటియ్యి. హలో... షరీఫా? నేను బిడ్డా, స్వామి చాచాను. ఆ, మంచిగనే ఉన్న. ఆ, మక్సూద్ ఈడనే ఉన్నడు. లే, తినలే, పెడ్త. గది కాదు... ఏం లేదు బిడ్డా, ఊకెనే. బండికి పంపు అడుగుతున్నడు. చిన్నది తీస్కొని ఎనకనే పెట్టుమని చెప్తున్న, పైపు మూడు సూతుల లావుది తెమ్మని, సన్నది ఇస్తె తీస్కోవద్దని... ఆ... ఉండు, ఉండు, పెట్టకు. జర ఉండు బిడ్డా. కల్వకుర్తిల గా దినం మీ అబ్బ కాలు తీసిండు. ఆపుతుండె. పో అన్నది నేను. మీ అబ్బ కాదు, నేను. ... వింటున్నవా బిడ్డా?